చెప్పి పాడయ్యే వస్తువు

వాకిట్లో కారు కింద కొన్నాళ్ళుగా ఒక తడి మచ్చ కనిపిస్తోంది. అరచెయ్యంత కూడా ఉండదు. పొద్దున్నే ఊడ్చేటప్పుడు నీళ్ళే అనుకుని చీపురుతో చెదరగొట్టేశాను. మర్నాడు మళ్ళీ అదే చోట. వేలితో అద్ది చూస్తే నీళ్ళకన్నా కాస్త జారుడుగా ఉంది. లేతాకుపచ్చ రంగు, ఎండిపోయిన అంచు వెంబడి తుప్పు గీత. నూనె కాదు, పెట్రోలు కాదు. రాత్రి ఒక అట్టముక్క పరిచి పెడితే తెల్లారేసరికి చుక్కలన్నీ ఫ్యాను వెనక భాగం కిందే పడి ఉన్నాయి. బోనెట్ ఎత్తి టార్చి వేశాను. వాటర్ పంపు మెడ కింద, మామూలుగా ఎవరి కళ్ళూ పడని చోట, పెన్సిలు మొన పట్టేంత బొక్క. అక్కడి నుంచి కిందికి తుప్పు చార. కారుతోందన్న బెంగ పెద్దగా కలగలేదు. పాత అంబాసిడర్ ఇంట్లో ఉన్నవాళ్ళకి ఏదో ఒకటి కారడం అలవాటే. కానీ ఆ బొక్క మాత్రం మనసులోంచి పోలేదు. అది పగులు కాదు, చిల్లు పడటం అంతకన్నా కాదు. ఎవరో కొలిచి, డ్రిల్లు పెట్టి, కావాలని తీసినది. నీళ్ళని పోకుండా తిప్పడమే పనిగా ఉన్న వస్తువుకి బయటికి దారి ఎవరు పెడతారు? ఎందుకు పెడతారు?

వాటర్ పంపులో ఉండే భాగాలు చాలా కొద్ది. ఒక ఇరుసు. దాని ఒక చివర పుల్లీ, పుల్లీ ముందు ఫ్యాను. రెండో చివర, నీళ్ళలో మునిగి, రెక్కల చక్రం. ఫ్యాన్ బెల్టు పుల్లీని తిప్పితే ఇరుసు తిరుగుతుంది, రెక్కలు మధ్యలోకి వచ్చిన నీటిని అంచులకి విసురుతాయి, కవ్వం తిప్పినప్పుడు మజ్జిగ కుండ గోడలకేసి ఎగసినట్టు. ఆ విసురుకి నీళ్ళు ఇంజిన్ దిమ్మలోని దారులగుండా సిలిండర్లను చుట్టి, వేడి మోసుకుని రేడియేటర్‌కి పోయి, చల్లబడి తిరిగి పంపు దగ్గరికి వస్తాయి. దీన్ని ఇంజిన్‌కి గుండె అంటూ ఉంటారు. నాకు ఆ మాట నచ్చదు. గుండె ముడుచుకుంటుంది, విచ్చుకుంటుంది, దానికి కవాటాలున్నాయి. ఇది ఊరికే తిరుగుతుంది, అంతే. నాకు ఇందులో అపురూపంగా తోచేది ఇరుసు నడిమి భాగం. ఇరుసుని మోసే బేరింగులో గ్రీజు ఉంటుంది. గ్రీజులోకి నీళ్ళు చేరితే బేరింగు బతకదు. అందుకని రెండింటి మధ్యా ఒక సీలు పెడతారు. స్ప్రింగు నెట్టి పట్టుకున్న కార్బన్ రింగు, నున్నటి ముఖం మీద ఒరుసుకుంటూ ఏళ్ళ తరబడి తిరుగుతూనే ఉంటుంది. ఒరుసుకునేది ఏదో ఒకనాటికి అరుగుతుంది. ఆ సంగతి దీన్ని రూపొందించినవాళ్ళకి ముందే తెలుసు. తెలిసే, సీలుకీ బేరింగుకీ మధ్య కొంచెం ఖాళీ వదిలి, దాని అడుగున బయటికి బొక్క తీశారు. వీప్ హోల్ అంటారు దాన్ని. సీలు అరిగిన నాడు జారే నీళ్ళు బేరింగులోకి పోకుండా నేల మీద పడతాయి. ఇంటివాళ్ళకి కబురు అందుతుంది. అందాక కూడా బండి ఇంకా కొన్నాళ్ళు నడుస్తుంది. తాను పాడవుతానని ముందే ఒప్పుకుని, ఆ మాట చెప్పడానికి చోటు కూడా సిద్ధం చేసుకున్న వస్తువు అది. మనం వాడే వస్తువుల్లో అలాంటివి ఎన్ని?

ఎదురింటి పెద్దాయన చూసి, "దాన్లో కాస్త ఎమ్‌సీల్ కుక్కెయ్యమ్మా, ఆగిపోతుంది" అన్నారు. ఆగుతుంది, నిజమే. నేల పొడిగా ఉంటుంది. బయటికి దారిలేని నీళ్ళు అప్పుడు బేరింగులోకి పోతాయి, గ్రీజు కడుక్కుపోతుంది, ఇరుసు ఊగడం మొదలవుతుంది. అంబాసిడర్‌లో ఫ్యాను ఉండేది ఆ ఇరుసు మీదే కాబట్టి, ఊగి ఊగి ఒకరోజు ఆ రెక్కలు ఎదురుగా ఉన్న రేడియేటర్‌ని చీల్చుతాయి. ఈ లెక్క ఆలోచిస్తుంటే నాకు నాగార్జునసాగర్ గుర్తొచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ రాతి ఆనకట్ట ఎత్తు 124 మీటర్లు. చిన్నప్పుడు దాని ముందు నిలబడి, ఇంత గోడలోంచి ఒక్క చుక్క కూడా రాదు కాబోలు అనుకున్నాను. వస్తుందట. ఆనకట్ట కడుపులో మనుషులు నడిచే గ్యాలరీలుంటాయి. రాళ్ళ సందుల్లోంచి, పునాదిలోంచి ఊరే నీరు అక్కడికి చేరేలా దారులుంటాయి. ఇంజనీర్లు ఆ ఊటని ఆపాలని చూడరు, ఎంత వస్తోందో కొలుస్తారు, నిన్నటికన్నా ఎక్కువా తక్కువా అని రాసుకుంటారు. ఘాట్ రోడ్లలో కొండవాలుకి కట్టిన గోడల్లోంచి పైపు ముక్కలు వరసగా తొంగిచూడటం అందరూ చూసే ఉంటారు. అవి లేకపోతే వానాకాలంలో వెనక చేరిన నీటి బరువుకి గోడ ఒరిగిపోతుంది. ఆనకట్ట కట్టినవాళ్ళూ, గోడ కట్టినవాళ్ళూ, పంపు పోతపోసినవాళ్ళూ ఒకరినొకరు ఎరగరు. మరి ముగ్గురికీ ఒకే ఆలోచన ఎలా వచ్చింది? గట్టితనమంటే ఏమీ బయటికి రానివ్వకపోవడం అనే నమ్మకం వాళ్ళకి లేదు. నాకుంది. ఎక్కడ నేర్చుకున్నానో కూడా తెలుసు. మా ఇంట్లో జ్వరం వచ్చిందని ఎవరూ చెప్పేవారు కాదు, తగ్గాక చెప్పేవారు. ఇంజిన్‌లో సన్నటి కిరకిర వినిపిస్తే చాలు, కారు ఆపి దిగి చెవి ఒగ్గి వినే మా నాన్న, తన మోకాలి నొప్పి గురించి మాత్రం మెట్లెక్కడం మానేసేదాకా ఎవరికీ తెలియనివ్వలేదు.

నాన్న ఉన్న రోజుల్లో డిక్కీలో స్టెప్నీ పక్కన ఎప్పుడూ ఒక డాల్డా డబ్బా ఉండేది. ఎండాకాలం బెజవాడ నుంచి బందరు వెళుతుంటే ఉయ్యూరు దాటేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు నడిచేది. నాన్న చెట్టు నీడ చూసి ఆపి, బోనెట్ ఎత్తి వదిలేసి, వచ్చి మాతో పాటు గట్టు మీద కూర్చునేవారు. డబ్బాలో కాలువ నీళ్ళు సిద్ధంగా ఉన్నా రేడియేటర్ మూత ముట్టుకోనిచ్చేవారు కాదు. మూత కింద ఒత్తిడి ఉంటుంది. ఒత్తిడిలో ఉన్న నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు, మూత తియ్యగానే ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి లేస్తుంది. కాగిపోయిన ఇనుము లోపల చన్నీళ్ళు పోస్తే దిమ్మ పగలొచ్చు కూడా. ఇవి ఆయన చెప్పినవి కావు, తర్వాత నేను చదువుకున్నవి. ఆయన చెప్పింది ఒకటే, "చల్లారనీ." ఆ మాటకొస్తే కారు పుట్టిన కొత్తలోనూ ఇదే తంతు. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, భర్తకి చెప్పకుండా ఆయన తయారుచేసిన మూడు చక్రాల కారులో మాన్‌హైమ్ నుంచి ఫోర్త్‌స్‌హైమ్‌కి వంద కిలోమీటర్ల పైచిలుకు వెళ్ళింది. ఆ బండికి వాటర్ పంపు లేదు. నీరు మరిగి ఆవిరైపోవడమే చల్లబరిచే పద్ధతి. దారిపొడుగునా నీళ్ళు దొరికిన చోటల్లా ఆగి నింపుకోవలసి వచ్చింది. ఇంకా ఆశ్చర్యం కలిగించేది ఫోర్డ్ మోడల్ టీ సంగతి. 1908లో మొదలైన ఆ కార్లలో తొలి 2,500కి మాత్రమే పంపు పెట్టి, తర్వాత తీసేశారు. వేడెక్కిన నీరు తేలికై పైకి పోతుంది, చల్లారినది బరువై కిందికి దిగుతుంది, ఆ కదలిక చాలనుకున్నారు. 1927లో దాని తయారీ ఆగేదాకా అలాగే నడిచింది. చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసి ఆలోచించాను. లేని పంపు పాడవదు కదా, మరి మళ్ళీ ఎందుకు తెచ్చుకున్నాం? ఇంజిన్ నుంచి ఇంకా బలం కావాలన్నాం, ఇంకా వేగం కావాలన్నాం. పెట్రోలు మండితే పుట్టే వేడిలో మూడోవంతు కూడా చక్రాలదాకా రాదు. చాలా భాగం పొగతో పోతుంది, దాదాపు అంతే నీళ్ళలోకి దిగుతుంది. బలం పెరిగేకొద్దీ దించుకోవలసిన వేడీ పెరుగుతుంది. తనంతట తాను పైకి లేచి కిందికి దిగే నీటి నడక ఆ వేగానికి చాలదు.

ఆటోనగర్‌లో నాన్న కాలం నుంచీ మా బండి చూసే మేస్త్రీ గారి షెడ్డుకి వెళ్ళాను. ఆసియాలోనే పెద్ద ఆటోనగర్లలో ఒకటని మా బెజవాడవాళ్ళు గర్వంగా చెప్పుకునే చోటు అది. లారీ బాడీల సుత్తి మోతల మధ్య ఆయన గొంతు ఎప్పుడూ తగ్గు స్థాయిలోనే ఉంటుంది. "బండి వదిలెళ్ళమ్మా, సాయంత్రానికి బిగించి పెడతా" అన్నారు. ఈసారి నేనే విప్పుకుంటాను, ఏ పంపు కొనాలో చెబితే చాలన్నాను. ఆయన ఎందుకని అడగలేదు. "ఫ్యాను పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపి చూశావా?" అన్నారు. ఊపాను, కొంచెం లూజుగా ఉందన్నాను. "అయితే బేరింగూ అయిపోయింది. బోల్టు కదలకపోతే బలం పెట్టకు తల్లీ. కిరసనాయిలు పోసి పడుకో. పొద్దున అదే కదులుతుంది." తిరిగి వచ్చే దారంతా నాకు ఒకటే సందేహం. ఆయన కూలి నేను మిగుల్చుకోవడంలో గొప్పేముంది? ఆ షెడ్డులో చేతికింద ఇద్దరు కుర్రాళ్ళు పనిచేస్తున్నారు. నాలాంటివాళ్ళు ఎవరి బండి వాళ్ళు విప్పుకుంటే వాళ్ళకి పని ఎక్కడిది? దీనికి జవాబు ఇప్పటికీ నా దగ్గర పూర్తిగా లేదు. కానీ నేను డబ్బు కోసం ఈ పనికి దిగలేదు. ఆ బొక్క వెనకాల ఏముందో కళ్ళారా చూడాలని దిగాను. మేస్త్రీ గారు అది పసిగట్టారని నాకు అనిపించింది, లేకపోతే కిరసనాయిలు కిటుకు చెప్పేవారు కాదు.

అంబాసిడర్ బోనెట్ కింద చోటెక్కువ. చెయ్యి కాదు, భుజం దాకా దిగుతుంది. ఇంగ్లండులో కౌలీలో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3కి మన ఉత్తర్‌పారాలో దక్కిన రెండో జన్మ ఇది. అక్కడ 2014 మే దాకా తయారైంది. మా బండిలో ఉన్నది 1489 సీసీ బీ సిరీస్ ఇంజిన్. ఎమ్‌జీఏ అనే స్పోర్ట్స్ కారులో పెట్టినదీ దీని తోబుట్టువునే. ముందు రేడియేటర్ అడుగున కుళాయి తిప్పి పాత కూలెంట్‌ని బేసినులోకి దించాను. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్క నాకితే అది ఒంట్లో ఆక్సలేట్‌గా మారి మూత్రపిండాలని తినేస్తుంది. మా వీధిలో వేసవిలో నీటి జాడ కోసం వెతుక్కుంటూ తిరిగే కుక్కలున్నాయి. వాకిట్లో ఒలికిన ప్రతి చుక్కనీ కడిగి, బేసినులోది మూత గట్టిగా ఉన్న డబ్బాలోకి వంపి, అటక మీద పెట్టిన తర్వాతే పానా పట్టుకున్నాను. హోస్ పైపుల క్లిప్పులు వదులు చేసి రేడియేటర్ బయటికి తీశాను. డైనమో బోల్టులు సడలిస్తే బెల్టు వదులైంది. ఫ్యానూ పుల్లీ ఊడి వచ్చాయి. ఒక అట్ట మీద పంపు ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో ఆ చోటే గుచ్చి పెట్టాను, అన్నీ ఒకే పొడవు ఉండవు మరి. మూడు బోల్టులు మర్యాదగా వచ్చేశాయి. నాలుగోది పట్టేసింది.

పట్టేసిన బోల్టు ముందు కూర్చోవడం ఒక వింత స్థితి. చేతిలో బలం ఉంది, పానా సరిగ్గా కూర్చుంది, ఇంకొంచెం నొక్కితే రెండిట్లో ఒకటి జరుగుతుంది. తిరుగుతుంది, లేదా తల తెగి దిమ్మలో ఉండిపోతుంది. ఆ రెండింటికీ మధ్య ఉన్న సన్నటి గీత చేతికి తెలుస్తుందా? తెలుస్తుంది. ఇనుము సాగుతున్నప్పుడు పానాలోంచి ఒక మెత్తదనం అరచేతిలోకి వస్తుంది. తుప్పు వదులుతున్నప్పుడు వచ్చేది వేరు, చిన్న టిక్కుమనే కుదుపు. ఏ పుస్తకమూ నాకు ఈ తేడా చెప్పలేదు. కిరసనాయిలు పోసి పడుకున్నాను. తెల్లారాక విప్పే వైపు కొంచెం, బిగించే వైపు కొంచెం, మళ్ళీ విప్పే వైపు, అలా ఆడించగా వచ్చింది. పంపు చేతిలోకి వచ్చిన ఆ నిమిషంలో ఇంజిన్ లోపలి నీటి దారి మొదటిసారి చూశాను. తుప్పు రంగు గోడలు, లోపలికి పోయేకొద్దీ చీకటి. ఇన్నేళ్ళుగా మమ్మల్ని మోసిన వేడి అంతా ఈ దారిన నడిచిందా?

జాన్ హేన్స్ అనే ఆయన బ్రిటిష్ వైమానిక దళంలో ఉండగా, 1965లో ఏడెన్‌లో ఒక స్నేహితుడి ఆస్టిన్-హీలీ స్ప్రైట్‌ని విప్పి బాగుచేస్తూ ఒక్కో మెట్టునీ ఫోటో తీశారు. ఏడాది తిరిగేసరికి అది పుస్తకమైంది, మొదట వేసిన 3,000 ప్రతులూ మూడు నెలల్లోపే అమ్ముడుపోయాయి. ఆ తరహా పుస్తకాల్లో విప్పే పని వివరంగా రాసి, బిగించడం దగ్గరికి వచ్చేసరికి, విప్పిన వరసని తిరగేయమని ఒక్క వాక్యంతో ముగిస్తారు. బోల్టుల వరకూ అది నిజమే. కానీ పాత గాస్కెట్ సంగతి? విప్పేటప్పుడు అది ఊరికే చిరిగి ఊరుకుంది. బిగించే ముందు దాని పొట్టు అంతా దిమ్మ ముఖం మీద నుంచి గీకాలి, బ్లేడు పక్కకి జారి ఇనుము మీద గీత పడితే కొత్త గాస్కెట్ ఎంత మంచిదైనా అక్కడి నుంచే నీరు ఊరుతుంది. నా పనిలో సగం ఈ గీకుడే. దీనికి తిరగేసే వరస లేదు. విప్పడానికీ బిగించడానికీ మధ్య ఎటువైపూ చెందని ఈ పనిలోనే నాకు ఎక్కువ తృప్తి దొరికింది. మేస్త్రీ గారి షెడ్డులో నా చిన్నప్పుడు గాస్కెట్ కొనేవారు కాదు. కాగితం అట్టని పంపు ముఖం మీద పరిచి, గుండు సుత్తితో అంచుల వెంట సున్నితంగా తడుతూ వెళితే, ఇనుము అంచే కత్తెరై అట్టని తెంపేది. బోల్టు రంధ్రాలతో సహా ఆ ఆకారం అట్టలోంచి విడివడటం నేను నోరు తెరుచుకుని చూసేదాన్ని. కొత్త పంపుతో పాటు వచ్చిన గాస్కెట్‌ని పక్కన పెట్టి అలా ఒకటి చేసుకోవాలనిపించింది. చేశాను. రెండోదానికి గానీ రంధ్రాలు కుదరలేదు, అయినా బిగించింది అదే.

తిరిగి అన్నీ అమర్చి, బెల్టు పొడుగాటి వైపు బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగేలా డైనమోని లాగి బిగించాను. నీళ్ళూ కూలెంటూ కలిపి పోసి, మూత పెట్టకుండా ఇంజిన్ స్టార్ట్ చేశాను. పైన నీళ్ళు కదలవు చాలాసేపు. పంపు పనిచేయడం లేదేమోనన్న అనుమానం వచ్చేది అప్పుడే. థర్మోస్టాట్ మూసుకుని ఉన్నంతసేపూ నీరు ఇంజిన్ లోపలే ఉంటుంది, 80 డిగ్రీలు దాటాక అది తెరుచుకుంటే పై హోసు ఒక్కసారి వేడెక్కుతుంది, రేడియేటర్‌లో బుడగలు లేస్తాయి, మట్టం దిగుతుంది, మళ్ళీ పోయాలి. మన ఊళ్ళ ఎండలకి థర్మోస్టాట్ దండగని చాలా షెడ్లలో పీకి పారేస్తారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఇంజిన్‌కి వేడి ఎక్కువైతే ఎంత చెడ్డదో చాలకపోయినా అంత చెడ్డదే, గోడలు చల్లగా ఉంటే పెట్రోలు సరిగా మండక నూనెలోకి దిగుతుంది.

ఇప్పటి కార్లలో పంపు చాలాచోట్ల కరెంటుతో తిరుగుతోంది. 2000ల మధ్యలో బీఎండబ్ల్యూ కొన్ని ఇంజిన్లకి అలాంటిది పెట్టింది. 2009లో వచ్చిన మూడో తరం టొయోటా ప్రియస్ ఇంజిన్‌కి అసలు బెల్టులే లేవు. ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీ చుట్టూ ద్రవాన్ని తిప్పేదీ ఇలాంటి పంపులే. వాటిలో చాలావాటికి ఇరుసు బయటికి రాదు, కనక అరిగే సీలూ లేదు, చుక్కా పడదు. అది మెరుగైన పనితనమే, కాదనను. కష్టం వస్తే తెర మీద దీపం వెలుగుతుంది, కారణమేమిటో మాత్రం షెడ్డులోని యంత్రానికే తెలుస్తుంది. కబురు వస్తుంది, కానీ ఎవరికి వస్తోంది? వాకిలి ఊడ్చే మనిషికి అర్థమయ్యే భాషలో రావడం లేదు. వేలితో అద్ది, రంగు చూసి, అట్టముక్క పరిచి తెలుసుకోగలిగినదాన్ని నేను అంత తేలిగ్గా వదులుకోలేను.

పాత పంపుని గుడ్డలో చుట్టి మేస్త్రీ గారి దగ్గరికి తీసుకెళ్ళాను. పాత సామాను కొట్టులో వెయ్యడానికి చెయ్యి రాలేదు. కొత్తది తెచ్చి బిగించడాన్ని బాగుచేయడం అనొచ్చా అన్న ప్రశ్న నన్ను గాస్కెట్ గీకుతున్నప్పటి నుంచీ తొలుస్తోంది. నేను చేసింది మార్చడమే, పాడైనది పాడైనట్టే నా చేతిలో ఉంది. ఆయన దాన్ని తిప్పి చూసి, ఇరుసు వేళ్ళతో ఊపి, "బాడీకేమయిందమ్మా, పోత ఇనుము. మా రోజుల్లో పంపు ఎవరు కొన్నారు? కిట్టు తెచ్చేవాళ్ళం. ఇరుసూ సీలూ మార్చేవాళ్ళం" అన్నారు. ప్రెస్సు ఇంకా ఆయన దగ్గర ఉంది, మూల గోనెసంచి కింద. బేరింగుని కదలకుండా పట్టి ఉంచే తీగ ఒకటి పంపు లోపల ఉంటుందట. ముందు అది పైనున్న రంధ్రంలోంచి లాగాలి, అది తియ్యకుండా ప్రెస్సు నొక్కితే బాడీ చీలుతుంది. "అది నువ్వే లాగుదువు గానీ, కిట్టు రానీ" అన్నారు. ఆ మోడలుకి కిట్లు ఇప్పుడు అరుదు. పక్క సందులో స్పేర్ పార్టుల కొట్టులో అడిగి, తెప్పిస్తానంటే అడ్వాన్సు ఇచ్చి, పంపుని ఆయన బల్ల మీదే వదిలి వచ్చాను.